చలికాలపు పరుగు, సైకిలు, విశ్రాంతి: ఒక సమతూకం

“ఉరికి పాలు తాగేకన్న నిలబడి నీళ్లు తాగుడు మేలు బిడ్డా” అని మా నాయనమ్మ అంటుండేది. తెల్లవారుజామున నాలుగు గంటలకు నేను కాన్వాసు బూట్లు కట్టుకుంటుంటే, పొయ్యి ముందు కూర్చుని చలి కాగుతూ ఆమె చెప్పే మొదటి మాట అదే. ఆ వయసులో ఆ సామెత నాకు సోమరిపోతుల సామెతగా తోచింది. దానిలోని అర్థం తెలియడానికి నాకు ఒక శీతాకాలం, ఒక కాలు, ఒక పేపరు ఖర్చయ్యాయి.

మన ప్రాంతములో పరుగుకు, సైకిలుకు అనువైన కాలము నవంబరు నుండి ఫిబ్రవరి వరకు గల నాలుగు నెలలే. అంతర కళాశాలల పోటీలకు సాధన మొదలయ్యేది అప్పుడే. కాని సెమిస్టరు పరీక్షలు, ప్రాక్టికల్ రికార్డులు వచ్చేది కూడా అప్పుడే. పల్లె నుండి వచ్చే విద్యార్థులకు వరికోతలు, పత్తి ఏరుడు, సంక్రాంతి ప్రయాణాలు అదనం. ఈ మూడు బండ్లను ఒకే ఎద్దుతో ఎట్లా లాగాలి? దీనికి నాకు తెలిసిన జవాబు చెప్పడమే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

నేను నేర్చుకున్న పాఠము

అది 1994 శీతాకాలం. మా ఊరు హనుమకొండకు పదకొండు కిలోమీటర్లు. నాకు ఐదువేల మీటర్ల పరుగులో కాలేజీ జట్టులో చేరాలని కోరిక. మా పి.డి. సారు అందరికీ ఒక పట్టిక రాసి ఇచ్చారు. అందులో తప్పేమీ లేదు. హాస్టల్లో ఉండే కుర్రవాళ్లు దానిని చక్కగా పాటించారు. నేను మాత్రం సారుకు చెప్పని సంగతి ఒకటుంది. నాన్నకు ఒంట్లో బాగాలేక ఆ ఏడు ఇంటి పాలు పట్నంలో పోసే పని నా మీద పడింది.

నా దినచర్య ఇట్లా ఉండేది. నాలుగింటికి లేచి పొలాల బాట మీద ఎనిమిది కిలోమీటర్ల పరుగు. ఐదున్నరకు సైకిలు క్యారియరు మీద ముప్పై లీటర్ల పాలు. క్యాన్లతో కలిపి ముప్పై అయిదు కిలోల పైమాటే. ఎదురుగాలిలో పదకొండు కిలోమీటర్లు తొక్కి, ఇల్లిల్లూ తిరిగి పోసి, తరువాత కాలేజీ. సాయంత్రం గ్రౌండులో సారు పట్టిక ప్రకారం వేగపు పరుగులు. మళ్లీ పదకొండు కిలోమీటర్లు ఇంటికి. అన్నం తిని పుస్తకం ముందు కూర్చుంటే పదకొండున్నర. నిద్ర నాలుగున్నర గంటలు.

మొదటి మూడు వారాలు బ్రహ్మాండంగా సాగింది. నాలుగో వారం నుండి టైము తగ్గడానికి బదులు పెరగసాగింది. నేనేం చేశాను? ఇంకా ఎక్కువ పరుగెత్తాను. ఆరో వారంలో మోకాలి కింద ముందరి ఎముక వెంట నొప్పి పుట్టింది. దాన్ని లెక్కచేయక పరుగెత్తాను. ఎనిమిదో వారంలో మెట్లెక్కడం కష్టమైంది. సెలెక్షన్స్ నాడు గ్రౌండు గోడ మీద కూర్చుని చూశాను. ఆ సెమిస్టరులో ఒక పేపరు కూడా పోయింది.

అప్పుడు సారు నన్ను పిలిచి కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. “పొద్దుగాల లేచిన కాడికెళ్లి పండుకునే దాక ఏమేం చేస్తవో ఒక కాయితం మీద రాసుకరా” అన్నారు. రాసుకుపోయాను. ఆయన పెన్సిలు తీసి లెక్క కట్టారు.

“సైకిలే వారానికి నూట ముప్పై రెండు కిలోమీటర్లు తొక్కుతున్నవ్. సగం దూరం బరువు మీద. ఇది నాకెందుకు చెప్పలే?”

“అది పని కద సార్, ప్రాక్టీసు కాదు” అన్నాను.

“అది పని అని నీకు తెలుసు. నీ కాలుకెట్ల తెలుస్తదిరా?”

ఆ ప్రశ్న నేను ఇప్పటికీ మరువలేదు. శరీరము ఒకే ఒక్క ఖాతా పుస్తకము ఉంచుతుంది. పాలక్యాన్ల బరువు, గ్రౌండు ల్యాపులు, పరీక్ష బెంగ, రాత్రి జాగరణ అన్నీ అదే పేజీలో ఖర్చుగా రాసుకుంటుంది. జమ రాసేవి రెండే. ఒకటి తిండి, రెండవది విశ్రాంతి. పట్టికలు తయారు చేసేవారు సాధారణంగా గ్రౌండు ఖర్చును మాత్రమే చూస్తారు. మిగతా ఖర్చులు చెప్పవలసిన బాధ్యత మనదే.

శిక్షణ అనగా నేమి?

పరుగెత్తితే బలం వస్తుందని మనమందరం అనుకుంటాం. నిజానికి పరుగు ముగిసిన క్షణంలో మనిషి ముందుకంటె బలహీనుడై ఉంటాడు. కండరాలలో నిలవ ఉన్న పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, తరిగి ఉంటుంది. కండరపు పోగులలో కంటికి కనపడని చిన్న చిన్న చిరుగులు ఏర్పడి ఉంటాయి. తరువాతి గంటల్లో, ముఖ్యంగా నిద్రలో, శరీరము ఆ చిరుగులను కుట్టుకుంటుంది. ఇంకోసారి ఇదే భారం వస్తే తట్టుకునేట్లు కొంచెం గట్టిగా కుట్టుకుంటుంది. ఆ “కొంచెం” పేరే ప్రగతి. కనుక పరుగు కేవలము ఆర్డరు ఇవ్వడం వంటిది. సరుకు తయారయ్యేది విశ్రాంతిలో.

హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లో భారానికి శరీరం స్పందించే తీరును మూడు దశలుగా వివరించాడు. మొదట కలవరపాటు, తరువాత తట్టుకొని నిలబడటం, భారం ఎడతెగక సాగితే చివరికి అలసి కూలిపోవడం. ఆయన చెప్పింది ఆటగాళ్ల గురించి కాదు. అయినా తరువాతి కాలపు శిక్షకులు తమ పద్ధతులకు దీనిని ఒక ఆధారంగా తీసుకున్నారు. అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయపు శిక్షకుడు బిల్ బోవర్‌మన్ కఠినమైన దినం తరువాత తేలిక దినం ఉండాలనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చాడు.

ఇంకొక సంగతి గమనించాలి. శరీరభాగాలన్నీ ఒకే వేగంతో బాగుపడవు. గ్లైకోజెన్ సరిగ్గా తింటే సుమారు ఒక దినంలో నిండుతుంది. గుండె, ఊపిరి కొద్ది వారాలలోనే మెరుగవుతాయి. ఎముకలకు, కండరాన్ని ఎముకకు కట్టే నరాల వంటి పట్టీలకు నెలలు పడుతుంది. నా విషయంలో జరిగిందిదే. మూడు వారాల్లో ఊపిరి సిద్ధమై “పద పద” అన్నది. ఎముక సిద్ధం కాలేదు.

ఒక వైద్య విద్యార్థి కథ

ఆనాడు సారు నాకు రోజర్ బానిస్టర్ కథ చెప్పారు. తరువాత నేను చదివి తెలుసుకున్న వివరాలు కూడా చేర్చి ఇక్కడ చెబుతున్నాను.

బానిస్టర్ లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో వైద్య విద్యార్థి. ఆ రోజుల్లో ఒక మైలు దూరాన్ని, అంటే 1609 మీటర్లను, నాలుగు నిమిషాల లోపు ఎవరూ పరుగెత్తలేదు. అతడు పూర్తికాలపు ఆటగాడు కాదు. వార్డులలో పని, పరీక్షలు అన్నీ ఉన్నాయి. మధ్యాహ్న భోజనపు విరామంలో దగ్గరలోని మైదానానికి పోయి సాధన చేసి వచ్చేవాడు. 1953 డిసెంబరు నుండి అతడు, అతని మిత్రులు 440 గజాల పరుగును పదిసార్లు, మధ్యలో రెండేసి నిమిషాల విరామంతో చేయడం మొదలు పెట్టారు. ఒక్కొక్కటి మొదట 66 సెకండ్లు పట్టేది. చలికాలమంతా శ్రమించి ఏప్రిల్ నాటికి 61 సెకండ్లకు తెచ్చారు. కావలసింది 60. ఎంత ప్రయత్నించినా అది సాధ్యపడలేదు.

అప్పుడు మనమైతే ఏం చేస్తాం? పదికి బదులు పన్నెండుసార్లు పరుగెత్తుతాం. బానిస్టర్ మాత్రం తన మిత్రుడు క్రిస్ బ్రాషర్‌తో కలిసి పరుగు మానేసి, స్కాట్లండు కొండలు ఎక్కడానికి కొద్ది రోజులు వెళ్లిపోయాడు. తిరిగి వచ్చిన తరువాత అవే పది పరుగులు 59 సెకండ్లలో వచ్చాయి. పోటీకి ముందు చివరి ఐదు రోజులు పూర్తి విశ్రాంతి. 1954 మే 6వ తేదీ ఉదయం ఆసుపత్రికి వెళ్లి, తరువాత రైలెక్కి ఆక్స్‌ఫర్డ్ చేరి, సాయంత్రం ఇఫ్లీ రోడ్డు మైదానంలో 3 నిమిషాల 59.4 సెకండ్లలో మైలు పూర్తి చేశాడు. ఆ సంవత్సరమే పరుగుపోటీలు విరమించి, నరాల వైద్యుడై 2018లో మరణించేవరకు గౌరవప్రదంగా జీవించాడు.

ఈ కథలో విశ్రాంతి ఒక్కటే గొప్ప అని అనుకోరాదు. నాలుగు నెలల శ్రమ లేకుండా ఊరకే కొండలెక్కి వస్తే 59 సెకండ్లు రావు. శ్రమ అప్పటికే శరీరంలో జమ అయి ఉంది. అలసట దానిని కప్పి ఉంచింది. విశ్రాంతి ఆ ముసుగు తీసింది.

చలికాలము చేసే మేలు, మోసము

ఎండాకాలంలో మన పరుగును ఆపేది కాలు కాదు, వేడి. చలికాలంలో ఆ బాధ లేదు. వరంగల్లు ప్రాంతంలో డిసెంబరు తెల్లవారుజామున ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీల దరిదాపులకు వస్తుంది. ఆదిలాబాదులో పది కంటె తక్కువకు కూడా దిగుతుంది. దూరపు పరుగుకు ఇది వరము.

మోసము కూడా ఇక్కడే ఉంది. వేడి లేనందున అలసట ఆలస్యంగా తెలుస్తుంది. “ఇంకో రెండు కిలోమీటర్లు పోవచ్చు” అనిపిస్తుంది. చెమట కనపడదు కనుక దాహం వేయదు. కాని ఒంట్లో నీరు తగ్గుతూనే ఉంటుంది. లేవగానే ఒక గ్లాసు, వచ్చిన తరువాత రెండు గ్లాసులు గోరువెచ్చని నీళ్లు తాగడం అలవాటు చేసుకోవాలి.

చలిలో కండరాలు బిగుసుకుని ఉంటాయి. ఎండాకాలంలో ఐదు నిమిషాలు చాలిన చోట ఇప్పుడు పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడిచి, పరుగెత్తి ఒళ్లు వెచ్చబరచుకోవాలి. పరుగు ముగియగానే తడి బనియను మార్చుకోవాలి. ఉబ్బసం ఉన్నవారికి చల్లని పొడిగాలి ఊపిరి బిగించవచ్చు. వారు డాక్టరు సలహా తీసుకుని, మందు దగ్గర ఉంచుకుని బయలుదేరాలి.

పట్టణాలలో మరొక చిక్కు ఉన్నది. చలికాలపు తెల్లవారుజామున పొగ, దుమ్ము పైకి పోక నేల దగ్గరే పేరుకుంటాయి. సూర్యుడు వచ్చి నేల వేడెక్కితే కొంత విడిపోతాయి. కనుక నాలుగింటికే లేవడం శూరత్వం కాదు. ఆరున్నర, ఏడు గంటలకు బయలుదేరితే నిద్ర దక్కుతుంది, గాలి మెరుగ్గా ఉంటుంది, దారి కనపడుతుంది. మంచులో లారీ డ్రైవరుకు మనం కనపడం. తెల్లని లేదా పచ్చని చొక్కా, సైకిలుకు ముందు దీపం, వెనుక ఎర్రని రిఫ్లెక్టరు తప్పనిసరి. పరుగెత్తేవారు వాహనాలకు ఎదురుగా, రోడ్డు కుడి అంచున పోవాలి. సైకిలువారు ఎడమ పక్కనే పోవాలి.

సైకిలు: మిత్రుడా, శత్రువా?

పరుగులో ప్రతి అడుగుకు మన బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి కాలి మీద పడుతుంది. సైకిలు మీద శరీరభారాన్ని సీటు మోస్తుంది. అందుచేత గుండెకు, ఊపిరికి వ్యాయామం ఇస్తూనే ఎముకలకు సెలవు ఇవ్వగల సాధనము సైకిలు. వారంలో రెండు పరుగులకు బదులు రెండు సార్లు సైకిలు తొక్కితే దెబ్బలు తగ్గుతాయి.

అయితే రెండు షరతులున్నాయి. ఒకటి, తేలిక దినమన్న నాడు నిజంగా తేలికగానే తొక్కాలి. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అది తేలిక. ముక్కలు ముక్కలుగా మాట వస్తే అది తేలిక కాదు. బస్సుతో పందెం వేయడం మొదలే తేలిక కాదు. రెండు, సీటు ఎత్తు సరిగ్గా ఉండాలి. పెడలు అడుగుకు వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు మునిపాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ కిందికుంటే మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంది.

రోజూ కాలేజీకి సైకిలు మీద వచ్చేవారు ఆ కిలోమీటర్లను కూడా పట్టికలో రాసుకోవాలి. అవి ఉచితం కావు.

ఒక వారపు నమూనా

ఇప్పటికే ఏకధాటిగా అరగంట పరుగెత్తగల విద్యార్థికి సరిపోయే నమూనా ఇది. ఎవరి ఖాతాను బట్టి వారు మార్చుకోవచ్చు.

సోమవారం: విశ్రాంతి.
మంగళవారం: పదిహేను నిమిషాలు ఒళ్లు వెచ్చబరచుకొని, 400 మీటర్ల వేగపు పరుగులు ఆరు. మధ్య రెండేసి నిమిషాల నడక. చివర పది నిమిషాలు నెమ్మది పరుగు.
బుధవారం: నలభై నిమిషాలు తేలిక సైకిలు. కాలేజీ ప్రయాణం ఆ పాటి ఉంటే అదే చాలు.
గురువారం: నలభై నిమిషాలు తేలిక పరుగు.
శుక్రవారం: విశ్రాంతి.
శనివారం: అరగంట తేలిక పరుగు లేదా సైకిలు.
ఆదివారం: గంట నుండి గంటంబావు నెమ్మది దీర్ఘ పరుగు.

కఠిన దినాలు రెండే అని గమనించండి. మొత్తం దూరాన్ని వారం వారం పదవ వంతుకు మించి పెంచరాదన్నది శిక్షకులలో వాడుకలో ఉన్న నియమం. మూడు వారాలు పెంచి, నాలుగవ వారం తగ్గించడం మంచిది. ఆ నాలుగవ వారాన్ని పరీక్షల వారానికి కలుపుకుంటే చదువుకు, కాలికి రెండింటికీ మేలు.

పరీక్షలప్పుడు సాధన సగానికి తగ్గించినా భయం లేదు. వారానికి ఒక్క వేగపు పరుగు నిలుపుకుంటే, కూడబెట్టిన సత్తువ కొన్ని వారాలు పెద్దగా తరగదు. నిద్ర మాత్రం తగ్గించరాదు. మన వయసువారికి ఏడు నుండి తొమ్మిది గంటలు అవసరము. పగలు చదివినది మనసులో స్థిరపడేది కూడా నిద్రలోనే. కనుక నిద్ర మానిన విద్యార్థి గ్రౌండులోను, హాలులోను రెండు చోట్లా నష్టపోతాడు.

తిండికి ఖరీదైన డబ్బాలు అక్కరలేదు. అన్నం లేదా జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు, పల్లీలు, పెరుగు సరిపోతాయి. కఠిన సాధన ముగిసిన గంటలోపు ఏదైనా తినాలి. రెండు అరటిపండ్లు, ఒక నువ్వుల ఉండ చాలు. సంక్రాంతి నాడు సకినాలు తిన్నందుకు చింతించి మరునాడు రెట్టింపు పరుగెత్తేవారున్నారు. అది లెక్క కాదు, శిక్ష.

ప్రమాద సూచనలు

ఉదయం మంచం మీద నుండి లేవకముందే నాడి కొట్టుకునే లెక్క రాసుకోండి. మీ మామూలు లెక్క కంటె నిమిషానికి ఏడెనిమిది ఎక్కువగా రెండు మూడు రోజులు వరుసగా ఉంటే, దానికి తోడు నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆకలి మందగించడం ఉంటే, అది విశ్రాంతి కోసం శరీరము రాసిన అర్జీ.

ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి పుడితే పరుగు ఆపి డాక్టరును చూడాలి. జ్వరంతో ఎన్నడూ పరుగెత్తరాదు. కొన్ని వైరస్ జ్వరాలలో గుండె కండరం వాచే ప్రమాదమున్నది. గుండెలో నొప్పి, పరుగులో కళ్లు తిరిగి పడిపోవడం వంటివాటిని దాచిపెట్టడం ప్రాణాపాయము.

విద్యార్థినులకు ఒక ప్రత్యేక మనవి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. కనుక తీరని అలసట కలిగితే “నాకు పట్టుదల లేదు” అని తమను తాము నిందించుకోక ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. సాధన పెరిగాక నెలసరి తప్పితే అది సాధారణమని ఊరుకోరాదు. తిండి చాలడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. ఇంటిపని ముగించుకుని గ్రౌండుకు వచ్చే చెల్లెళ్ల ఖాతాలో ఆ ఇంటిపని కూడా రాయవలసి ఉన్నదని శిక్షకులు, అన్నదమ్ములు గుర్తించాలి.

ముగింపు

ఇప్పుడు చాలామంది చేతికి గడియారాలున్నాయి. అవి అడుగులు, నాడి, నిద్ర అన్నీ లెక్కపెడతాయి. ఫోనులో పట్టికలు కోరినన్ని దొరుకుతాయి. మంచిదే. కాని ఇంట్లో నాన్నకు బాగాలేదని, రేపు కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఉన్నదని ఆ గడియారానికి తెలియదు. అది మనమే దానికి, మన పి.డి.గారికి చెప్పాలి.

సారు నా కాగితం మీద తెల్లవారుజాము పరుగును మొత్తం కొట్టివేశారు. వారానికి మూడు సాయంత్రాలే పరుగు, పాల సైకిలే మిగతా సాధన, పదింటికి నిద్ర, ఐదింటికి లేవడం. పాలు పోశాక కాలేజీ మొదలయ్యే లోపు వేపచెట్టు కింద గంటన్నర చదువు. కాలు మానిన తరువాత ఆ పద్ధతినే పాటించాను. మరుసటి శీతాకాలం సంక్రాంతికి మూడు రోజులు బూట్లు ముట్టలేదు. పండుగ తరువాత జరిగిన పోటీలో మూడవ స్థానం వచ్చింది. బంగారు పతకమేమీ కాదు. కాని పోయిన పేపరు కూడా అదే సెమిస్టరులో పాసయ్యాను.

పండుగనాడు నేను ఇంటి అరుగు మీద ఊరకే కూర్చుని ఉంటే నాయనమ్మ వచ్చి, “ఇయ్యాల ఉరుకుతలేవా?” అని అడిగింది. “ఇది కూడా ప్రాక్టీసే నాయనమ్మా” అన్నాను. “నేను మొదటికెళ్లి అదే చెప్తున్న” అని చేతిలో ఒక చెంబు నీళ్లు పెట్టింది.